వెనక పట్టీలు నేర్పిన విద్య

పారాచూట్ తెరుచుకోగానే దూకిన మనిషి భుజాల మీదుగా నాలుగు బలమైన పట్టీలు పైకి లేచి నిలుస్తాయి. ముందు రెండు, వెనక రెండు. వీటిని రైజర్లు అంటారు. పైనున్న గుడ్డ నుంచి దిగే తాళ్లన్నీ ఈ నాలుగింటి కొసలకు చేరతాయి. పట్టీల అడుగు కొసలు మనిషి ఒంటికి బిగించుకున్న హార్నెస్‌తో కలుస్తాయి. వీటిని పెట్టింది బరువు మోయడానికే. పారాచూట్‌ను నడపడానికి వేరే ఏర్పాటు ఉంది: గుడ్డ వెనక అంచుకు కట్టిన బ్రేకు తాళ్లు, వాటి చివర చేతికి అందే టాగుల్స్. అయినా ఇవాళ స్కైడైవింగ్ నేర్చుకునే విద్యార్థికి పారాచూట్ విచ్చుకోగానే చేతులు ముందుగా వెనక పట్టీల మీదికి పోవాలని చెబుతారు. ప్రపంచ పోటీల్లో నీటి మీద నుంచి కాళ్లు తగిలీ తగలనంత ఎత్తున దూసుకుపోయే విజేతల చేతుల్లోనూ అవే పట్టీలు ఉంటాయి. నడిపేందుకని ఎవరూ పెట్టని వస్తువుతో పారాచూట్‌ను నడపడం ఎలా వచ్చిందో చెప్పుకోదగ్గ కథ. దీన్ని ఫలానావారు కనిపెట్టారని ఒక్క పేరు చెప్పలేం. గుడ్డ ఆకారం మారినప్పుడల్లా ఆ పట్టీల్లో కొత్త పని బయటపడుతూ వచ్చింది, దూకేవాళ్లు దాన్ని గాలిలోనే పట్టుకున్నారు.

మొదట్లో నడపడమన్న మాటే లేదు. 1797 అక్టోబరు 22న పారిస్‌లోని మోన్సో పార్కులో ఆంద్రే జాక్ గార్నెరిన్ హైడ్రోజన్ బెలూన్ కింద బుట్టలో నిలబడి పైకి లేచాడు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున తాడు తెంపుకుని పట్టుగుడ్డ గొడుగుతో దిగాడు. ప్రాణాలతో దిగాడు గానీ దారి పొడుగునా బుట్ట భయంకరంగా ఊగింది. గొడుగు కింద పోగయిన గాలికి దారి లేక ఒకసారి ఈ అంచు నుంచీ మరోసారి ఆ అంచు నుంచీ పొర్లిపోవడం వల్ల వచ్చిన ఊపు అది. తర్వాతి కాలంలో గొడుగు నడినెత్తిన రంధ్రం పెట్టి ఆ ఊపు తగ్గించారు. ఎక్కడ దిగాలన్నది మాత్రం గాలి ఇష్టమే. 1919 ఏప్రిల్ 28న అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్ దగ్గరున్న మెకుక్ ఫీల్డ్‌లో లెస్లీ ఇర్విన్ విమానంలోంచి దూకి, గాలిలో కిందికి పడుతూ, తన చేత్తో తానే తాడు లాగి పారాచూట్ తెరిచాడు. పడుతున్న మనిషికి స్పృహ ఉంటుందా, చెయ్యి కదులుతుందా అన్న అనుమానాలన్నీ ఆ ఒక్క దూకుడుతో తీరిపోయాయి. నేలకు తగిలినప్పుడు ఇర్విన్ చీలమండ విరిగింది. తెరవడం మనిషి చేతిలోకి వచ్చింది, దిగడం ఇంకా రాలేదు.

పట్టీలు ఎక్కడ ఉండాలన్న ప్రశ్న ఎంత పెద్దదో రెండో ప్రపంచయుద్ధం చూపించింది. జర్మన్ పారాట్రూపర్ల ఆర్‌జెడ్ రకం పారాచూట్‌లో తాళ్లన్నీ వీపు వెనక ఒక్కచోట కలిసేవి. సైనికుడు నేల కేసి ముఖం పెట్టి, ముందుకు వాలి వేలాడుతూ దిగేవాడు. పైనున్న తాళ్లు అతని చేతికి అందేవి కావు. గాలి ఎటు నెడితే అటే పోవాలి. కాళ్లూ చేతులూ ఒకేసారి ఆనేలా ముందుకు పడాలి, అందుకే మోకాళ్లకు దళసరి మెత్తలు కట్టుకునేవారు. ఆ దిగే తీరులో పెద్ద తుపాకులు ఒంటి మీద పెట్టుకోవడం కష్టం కనుక చాలామటుకు ఆయుధాల్ని వేరే పెట్టెల్లో జారవిడిచేవారు. 1941 మేలో క్రీట్ ద్వీపం మీద దిగినవాళ్లలో ఎందరో ఆ పెట్టెల దాకా చేరకముందే కూలిపోయారు.

బ్రిటిష్, అమెరికన్ పారాచూట్లలో పట్టీలు భుజాల మీదుగా లేచేవి. అక్కడి శిక్షకులు సైనికులకు చిన్న కిటుకు ఒకటి నేర్పేవారు. ఎటు పోవాలో అటు పట్టీలను రెండు చేతులా గుండెల దాకా లాగిపట్టు. గొడుగు ఆ వైపు ఒరుగుతుంది, ఎదుటి అంచు నుంచి గాలి జారిపోతుంది, మనిషి కాస్త ఆ పక్కకు జరుగుతాడు. దిగే వేగం పెరుగుతుంది కనుక నేల దగ్గరపడే ముందు వదిలెయ్యాలి. చెట్టునో, కాలవనో, పక్కవాడి గొడుగునో తప్పించుకునేంత మేర దొరికేది, అంతే. అయినా పట్టీ లాగి దారి మార్చుకోవడం అక్కడే మొదలైంది. నా ఉద్దేశంలో ఈ కథకు అసలు ఆరంభం అదే. పరికరం అలాగే ఉంది, చెయ్యి వెళ్లి దానికి రెండో పని పెట్టింది.

యుద్ధానికి పక్కనే మరో ప్రయత్నం సాగింది. అమెరికా పడమటి అడవుల్లో కార్చిచ్చులు ఆర్పడానికి మనుషుల్ని విమానాల నుంచి దించడం 1940 జులై 12న ఐడాహో రాష్ట్రంలో మొదలైంది. కొండల మధ్య, చెట్ల మధ్య ఉండే చిన్న ఖాళీలో దిగాలి కాబట్టి వాళ్లకు పక్కకు జరగడం ఒక్కటే చాలదు. ఫ్రాంక్ డెర్రీ గొడుగు వెనక భాగంలో చీలికలు పెట్టాడు. వాటిలోంచి గాలి వెనక్కి చిమ్మితే గొడుగు నెమ్మదిగా ముందుకు కదులుతుంది, తాళ్లతో చీలికల్ని మూసి తెరిస్తే తిరుగుతుంది. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లో పియెర్ లెమోయిన్ ఆ దారినే చాలా దూరం తీసుకెళ్లాడు. ఎన్నో చీలికలు పెట్టి, నడినెత్తిని లోపలికి గుంజిన ఆయన నమూనా ఆధారంగా అమెరికాలో పారా కమాండర్ తయారైంది. గురి చూసి గుర్తు మీద దిగే పోటీల్లో కొన్నేళ్లపాటు దానిదే రాజ్యం. ఇవన్నీ గొడుగులే. గాలిని అడ్డుకుని దిగేవే తప్ప గాలి మీద ఎగిరేవి కావు.

ఆ గీత దాటించినవాడు గాలిపటాల మనిషి. డొమినా జాల్బర్ట్ 1904లో కెనడాలోని క్యూబెక్‌లో పుట్టాడు. అమెరికాలో స్థిరపడి, ప్రకటనల గాలిపటాలు, వాతావరణ పరికరాల్ని మోసే గాలిపటాలు, బెలూనూ గాలిపటమూ కలిసిన కైటూన్ అనే వస్తువూ చేసి అమ్మాడు. ఫ్లోరిడాలో బోకా రాటన్ అనే ఊళ్లో ఆయన కార్ఖానా ఉండేది. ఒకసారి తన విమానం దిగి, రెక్క వెడల్పుకీ మందానికీ మధ్య లెక్క ఎంతుందో అక్కడికక్కడే కొలిచాడనీ, ఆ కొలతలతో గుడ్డ రెక్క కుట్టాడనీ చెబుతారు. ఆయన చేసిన పారాఫాయిల్‌లో ఒక్క కర్రపుల్ల కూడా లేదు. పైన ఒక గుడ్డ, కింద ఒక గుడ్డ, మధ్య రెక్క ఆకారంలో కోసిన నిలువు గుడ్డలతో అరలు. అరల ముందు వైపు తెరిచి ఉంటుంది, వెనక కుట్టేసి ఉంటుంది. ముందు నుంచి చొరబడే గాలే లోపల బిగిసి గుడ్డను గట్టి రెక్కగా నిలబెడుతుంది. 1964లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1966 నవంబరు 15న మంజూరైంది. దాదాపు అదే కాలంలో నాసాలో ఫ్రాన్సిస్ రొగాలో మెత్తని రెక్కల మీదా, డేవిడ్ బారిష్ సెయిల్‌వింగ్ మీదా పని చేస్తున్నారు. ఆ పనులూ గొప్పవే. స్కైడైవింగ్ మాత్రం జాల్బర్ట్ అరల రెక్కనే పట్టుకుంది.

సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవాళ్లకి ఇక్కడ జరిగిందేమిటో తేలిగ్గా అర్థమవుతుంది. గాలిపటానికి సూత్రం కట్టేటప్పుడు పై ముడికీ కింది ముడికీ మధ్య దారం పొడుగు వేలెడంత మారితే చాలు, అదే పటం నిటారుగా లేస్తుంది, లేదా తల దించుకుని గిరికీలు కొట్టి పడుతుంది. పటం గాలికి ఏ వాలులో నిలవాలో చెప్పేది ఆ దారమే. జాల్బర్ట్ రెక్కకీ అంతే. ముందు నుంచి వెనక్కి ఎ, బి, సి, డి అని నాలుగు వరసల తాళ్లుంటాయి. ముందు వరసలు పొట్టి, వెనక వరసలు పొడుగు. అందుకే రెక్క ముక్కు కాస్త దించుకుని ముందుకు జారుతూ ఎగురుతుంది. ఎ, బి తాళ్లు ముందు పట్టీలకీ, సి, డి తాళ్లు వెనక పట్టీలకీ చేరతాయి. గాలిపటంలో సూత్రాన్ని నేల మీదే కట్టెయ్యాలి, ఎగిరాక మార్చలేం. ఇక్కడ ఆ సూత్రం కొసలు ఎగురుతున్నవాడి చేతికందే ఎత్తులోనే ఉన్నాయి. పట్టీ లాగడమంటే గాలిలో ఉండగానే సూత్రం మార్చడం.

ఆ సంగతి పూర్తిగా వాడకంలోకి రావాలంటే ముందు రెక్క నెమ్మదిగా తెరుచుకోవడం నేర్చుకోవాలి. తొలి రోజుల్లో అది ఒక్కసారిగా ఫట్టున విచ్చుకునేది. మనిషి ఎముకలు అదిరేవి, కుట్లు తెగేవి. న్యూజెర్సీలో స్టీవ్ స్నైడర్ జాల్బర్ట్ ఆలోచనను అమ్మకానికి పనికొచ్చే పారాచూట్‌గా మలచడానికి పూనుకున్నాడు. ఆయన పారాప్లేన్ మొదట్లో తాళ్ల, ఉంగరాల చిక్కుముడితో విచ్చుకునే వేగాన్ని అదుపు చేసేది. 1970ల నడుమ దానికి బదులు స్లైడర్ వచ్చింది. నలుచదరపు గుడ్డ ముక్క, నాలుగు మూలలా నాలుగు లోహపు కళ్లు. తాళ్లు నాలుగు గుత్తులుగా ఆ కళ్లలోంచి దిగుతాయి. విచ్చుకోబోతున్న రెక్కకి ఆ గుడ్డ ఎదురు నిలిచి, గాలిని తాను పట్టి, మెల్లగా కిందికి జారి పట్టీల కొసన ఆగుతుంది. స్కైడైవింగ్ చరిత్రలో నాకు అన్నిటికన్నా అందంగా తోచే వస్తువు ఇది. ఇంత సులువైన గుడ్డముక్క అంత పెద్ద చిక్కు విప్పింది. నాలుగు కళ్లకు నాలుగు గుత్తులు, నాలుగు గుత్తులకు నాలుగు పట్టీలు అన్న అమరిక దాంతో స్థిరపడింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే బిల్ బూత్ మూడు ఉంగరాల విడుపును తెచ్చి, చెడిపోయిన పారాచూట్‌ను ఒక్క లాగుడుతో వదిలించుకునే దారి చూపాడు. రెండిటినీ ఇప్పటికీ దాదాపు ప్రతి దూకుడులో వాడుతున్నారు.

ఇక టాగుల్ లాగడానికీ వెనక పట్టీ లాగడానికీ తేడా ఏమిటి? టాగుల్ లాగితే రెక్క తోక అంచు మాత్రమే కిందికి వంగుతుంది. ఆ వంపు గాలిని అడ్డుకుంటుంది, వేగం తగ్గుతుంది, ఎంత లాగితే అంత. వెనక పట్టీ లాగితే సి, డి తాళ్లు రెండూ దిగి రెక్క వెనక సగం మొత్తం ఒరుగుతుంది. వంపు విశాలంగా, నునుపుగా ఉంటుంది కాబట్టి గాలికి అడ్డు తక్కువ, పైకెత్తే బలం వెంటనే పెరుగుతుంది. అందుకే రెండు మూడు అంగుళాలు లాగినా రెక్క చటుక్కున జవాబిస్తుంది. టాగుల్‌కి చెయ్యి తొడ దాకా దిగుతుంది, పట్టీకి మోచెయ్యి మడిస్తే చాలు. లాగడం మాత్రం బరువు. మనిషిని మోసే తాళ్లవి, ఆ బరువులో కొంత చేతి మీదికి వస్తుంది.

ఈ తేడాను మొదట బాగా వాడుకున్నవాళ్లు 1970లలో తెరిచిన పారాచూట్లతో గాలిలోనే ఒకరి రెక్క కింద ఒకరు చేరి గొలుసు కట్టే ఆట మొదలుపెట్టిన జంపర్లు. పైవాడి కాళ్ల దగ్గరికి తన రెక్కను జాన, బెత్తెడు లెక్కన చేర్చాలి. ముందు పట్టీలు లాగితే కిందికి దిగడం, వెనక పట్టీలు లాగితే పైకి తేలినట్టు ఉండిపోవడం. టాగుల్స్ ఒక్కటే ఉంటే ఆ ఆట సాగేది కాదు.

రెండో అవసరం ప్రాణానికి సంబంధించింది. పారాచూట్ మూసిపెట్టేటప్పుడు బ్రేకు తాళ్లను సగం లాగి టాగుల్స్‌ను వెనక పట్టీలకే బిగిస్తారు. తెరుచుకున్న వెంటనే రెక్క ముందుకు దూకకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. గుంపుగా దూకినవాళ్లు విడిపోయి ఎవరి పారాచూట్ వాళ్లు తెరిచినప్పుడు రెక్క అనుకున్న దిక్కునే విచ్చుకుంటుందన్న హామీ లేదు. ఒక్కోసారి ఎదురెదురుగా విచ్చుకుంటుంది. ఒక్కో రెక్క సెకనుకు సుమారు 10 మీటర్లు పోతుంటే ఇద్దరి మధ్య దూరం సెకనుకు 20 మీటర్లు తరిగిపోతుంది. 60 మీటర్ల ఎడం మూడు సెకన్లలో అయిపోతుంది. టాగుల్స్ విప్పి, పట్టుకుని, లాగే లోపు ఢీకొట్టేస్తారు. పైగా బ్రేకులు విప్పితే రెక్క ఇంకా వేగం పుంజుకుంటుంది. వెనక పట్టీ ఐతే తల పక్కనే ఉంది. కుడి పట్టీ లాగితే బ్రేకులు బిగించి ఉండగానే రెక్క కుడికి తిరుగుతుంది. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికే తిరగాలన్నది నియమం. అందుకే తెరుచుకోగానే పైకి చూడకముందే చేతులు వెనక పట్టీల మీద ఉండాలని శిక్షకులు అంత గట్టిగా పట్టుబడతారు. ఆ పట్టుదల న్యాయమైంది. ఇవాళ్టి విద్యార్థి శిక్షణలో బ్రేకులు బిగించి ఉండగా వెనక పట్టీలతో తిరగడం తప్పనిసరి అభ్యాసం.

1980ల చివర గాలి చొరబడని జీరో పొరాసిటీ గుడ్డ వచ్చింది. గాలి కారిపోని రెక్క ఎక్కువకాలం మన్నుతుంది, చిన్నదిగా కుట్టినా మోస్తుంది. 1990లలో ఫ్లోరిడాలోని డిలాండ్‌లో పెర్ఫార్మెన్స్ డిజైన్స్ చేసిన స్టిలెటో లాంటి కోలాకారపు రెక్కలు చురుకుదనానికి కొత్త కొలమానం పెట్టాయి. జంపర్లు రెక్కల వైశాల్యం తగ్గించుకుంటూ పోయారు. రెక్క చిన్నదయ్యేకొద్దీ వేగం పెరిగింది, పొరపాటుకు వ్యవధి తగ్గింది. స్కైడైవింగ్‌లో పారాచూట్ తెరుచుకోక చనిపోవడం ఒకప్పటి భయం. ఇప్పుడు ఏ లోపమూ లేని, నిండుగా విచ్చుకున్న రెక్క కింద, నేలకు దగ్గరగా తీసుకున్న మలుపులో ప్రాణాలు పోవడం మొదలైంది. పరికరాలు ఎంతో ముందుకు వెళ్లాయి, వాటిని నడిపే చదువు వెనకబడింది. ఆ బాధలోంచే రెక్క నడపడాన్ని పాఠంగా చెప్పే శిక్షణలు పుట్టాయి.

ఆ వేగం మరోవైపు పోటీ క్రీడగా మారింది. మొదటి ప్రపంచ కానపీ పైలటింగ్ (రెక్క నడిపే) చాంపియన్‌షిప్ 2006లో ఆస్ట్రియాలో జరిగింది. పైలట్ ఎత్తులో మలుపు తీసుకుని, ముందు పట్టీల సాయంతో రెక్కను నేల కేసి దూకించి, ఆ వేగాన్ని అడ్డంగా మళ్లించి నీటి మీదుగా తేలిపోతాడు. దూరం పోటీలో ఆ వేగం ఎంతసేపు మిగిలితే అంత గెలుపు. తోక వంచితే గాలి అడ్డుపడి వేగాన్ని తినేస్తుంది. అందుకని దూకుడును అడ్డంగా తిప్పే ఘట్టంలో విజేతలు వెనక పట్టీలు పట్టారు. నునుపైన వంపుతో తక్కువ నష్టంతో రెక్క సమతలానికి వస్తుంది, చాలా దూరం ఆ పట్టీల మీదే సాగుతుంది. టాగుల్స్ వేళ్లకు తగిలించుకునే ఉంటారు. వేగం తగ్గి పట్టీలకు మోసే శక్తి అయిపోబోయే క్షణంలో పట్టీలు వదిలి టాగుల్స్‌తో చివరి ఎత్తు తీసుకుంటారు. ఆ మార్పిడి ఏ క్షణాన చెయ్యాలన్నదే ఈ విద్యలో అతి కష్టమైన భాగమని నేననుకుంటాను. ముందైతే దూరం పోతుంది, ఆలస్యమైతే రెక్క కూలుతుంది.

కూలడానికి కారణం ఆ వంపులోనే ఉంది. టాగుల్స్‌తో రెక్కను ఆపినప్పుడు అది చెప్పి ఆగుతుంది. గాలి చప్పుడు తగ్గుతుంది, శరీరం ముందుకూ వెనక్కూ ఊగుతుంది, చేతులకు పట్టు మెత్తబడుతుంది. వెనక పట్టీలతో వచ్చే స్టాల్, అంటే రెక్క మోసే శక్తి కోల్పోవడం, అలా కాదు. ఇంకా మంచి వేగం మీద ఉండగానే, హెచ్చరిక దాదాపు లేకుండా, రెక్క ఒక్కసారిగా వెనక్కి మడుచుకుంటుంది. వేల అడుగుల ఎత్తున అది పాఠం, నేలకు పది అడుగుల ఎత్తున విరిగిన కాళ్లు. అంగుళాల లాగుడుతో పని చేసే పరికరంలో ఒక అంగుళం ఎక్కువైతే ఎంత తేడానో ఎవరూ మాటలతో నేర్పలేరు.

అందుకే నేర్చుకునే క్రమం అంతా ఎత్తులోనే నడుస్తుంది. తెరుచుకోగానే ముందు చుట్టూ చూడాలి. టాగుల్స్ పైన పట్టీని గట్టిగా పట్టుకుని, బ్రేకులు బిగించి ఉండగానే ఒక వైపు, తర్వాత రెండో వైపు తిరగాలి. బిగించిన టాగుల్ పట్టీకే ఉంటుంది కాబట్టి పట్టీతో పాటు తోక కూడా దిగుతుంది. అందుకే బ్రేకులు విప్పాక అదే పట్టీ లాగితే రెక్క వేరుగా స్పందిస్తుంది. రెండూ చేతికి తెలియాలి. ఆ తర్వాత రెండు వెనక పట్టీలనూ సమానంగా కొద్దిగా దించి పట్టుకుంటే రెక్క వాలు తగ్గి ఎక్కువ దూరం సాగుతుంది. దిగాల్సిన మైదానానికి దూరంగా తెరుచుకున్న రోజున, కింద అడవో కరెంటు తీగలో ఉన్న రోజున, ఆ మిగులు దూరం ఎంతో విలువైంది. అతిగా లాగితే వేగం చచ్చి ఉన్న దూరం కూడా పోతుంది. చివరగా స్టాల్ అంచు దాకా నెమ్మదిగా తీసుకెళ్లి, రెక్క వెనక్కి జారబోయే చోటు గుర్తుపట్టి, మెల్లగా పట్టీలు పైకి వదలాలి. ఈ పనులన్నీ, పారాచూట్‌లో ఏదైనా తేడా ఉంటే వదిలించుకోవాలా వద్దా అని తేల్చుకోవాల్సిన ఎత్తుకన్నా పైనే ముగించాలి. అమెరికా పారాచూట్ సంఘం యూఎస్‌పీఏ విద్యార్థులకు ఆ ఎత్తును 2,500 అడుగులుగా పెట్టింది.

ఈ అభ్యాసానికి ఇంకో కారణం ఉంది. బ్రేకు తాడు తెగిపోవచ్చు, టాగుల్ ఇరుక్కుపోవచ్చు. రెక్క చక్కగానే ఎగురుతుంది, తోక మాత్రం చేతికి రాదు. అప్పుడు ఒక చేత్తో టాగుల్, రెండో చేత్తో పట్టీ కలిపి లాగి దిగబోవడం ప్రమాదం, రెండు వైపులా లాగుడు సమం కాదు. రెండు వెనక పట్టీలతోనే దిగగలడా లేక రెక్కను వదిలించుకుని రిజర్వు పారాచూట్ తెరవాలా అన్నది అతను ముందెప్పుడో ఎత్తులో చేసిన సాధన మీద ఆధారపడుతుంది. పట్టీలతో ఆపడం అలవాటు ఉండి, పెద్ద రెక్క కింద ఉంటే దిగొచ్చు. చిన్న, వేగమైన రెక్కతో అలవాటు లేకుండా దిగడం వివేకం కాదు. ఈ నిర్ణయం విమానం ఎక్కకముందే చేసిపెట్టుకోమంటారు. యూఎస్‌పీఏ 2012 నుంచి బి లైసెన్సు కావాలంటే రెక్క నడిపే ప్రత్యేక శిక్షణ పూర్తిచేయాలని నియమం పెట్టింది. తరగతి గదిలో పాఠం, గాలిలో అభ్యాసం, దిగాక వీడియో ముందు కూర్చుని ప్రతి దిగడాన్నీ శిక్షకుడితో పరిశీలించడం, మళ్లీ విమానం ఎక్కడం ఆ శిక్షణలో సాగే పని. వెనక పట్టీలతో తిరగడం, ఆపడం, స్టాల్ అంచును తెలుసుకోవడం అందులో భాగం.